పరిశోధనకు ఎండాకాలం సెలవుల్లేవు

(గూడెంలో జరిగిన అంబేద్కర్ జయంతి సభలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



మన గూడెంలో పి.హెచ్.డి.లో చేరిన మొదటి పిల్ల మొన్న ఇంటికొచ్చింది. నా దగ్గర ఆరో తరగతి చదివిన పిల్ల. వాళ్ల నాన్న నన్ను అడిగాడు: "మాస్టారూ, ఎండాకాలం సెలవులేగా. మిరపకాయల తొడిమలు తీసే పనికి రెండు నెలలొస్తే వడ్డీ అన్నా తీరుద్ది. పది రోజులకే పోతానంటంది. ఏం చదువయ్యా అది?"

మావా, నువ్వడిగిన దాంట్లో తప్పు లేదు. నేనూ డిగ్రీ చదివినన్నాళ్లూ ప్రతి ఎండాకాలం కూలికి పోయినవాణ్ణే. బడికి సెలవులున్నాయి, కాలేజీకి ఉన్నాయి. పరిశోధనకు లేవు. యు.జి.సి. జె.ఆర్.ఎఫ్. నిబంధనల్లోనే ఉంది: ప్రభుత్వ సెలవు దినాలు కాక ఏడాదికి 30 రోజులు, అదీ అనుమతి తీసుకుని. వేసవి సెలవులు వాళ్లకు వర్తించవు. ఫెలోషిప్ పన్నెండు నెలలకూ ఇచ్చేది గనక పనీ పన్నెండు నెలలూ ఉంటుంది. క్లాసులుండని ఎండాకాలంలోనే చదవడానికీ, రాయడానికీ, ఊళ్లు తిరిగి వివరాలు సేకరించడానికీ వీలు. వేసవి దుక్కి దున్నకుండా తొలకరికి విత్తనం వేస్తామా? ఇదీ అంతే.

2023 జనవరి నుంచి జె.ఆర్.ఎఫ్. నెలకు 37,000 రూపాయలు. వినడానికి పెద్ద మొత్తమే. కానీ అందరికీ రాదు, వచ్చేవాళ్లకూ నెలనెలా చేతికందదు. మన గుంటూరు నుంచి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వెళ్లిన రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయాడు. తనకు ఏడు నెలల ఫెలోషిప్, 1,75,000 రూపాయలు రావాలని చివరి ఉత్తరంలో రాసిపోయాడు. అది మరవొద్దు.

ఇప్పుడు రెండో సంగతి. పని పేరుతో జరిగే వెట్టి సంగతి.

నాకు తెలిసిన పిల్లోడొకడు ఒక ఎండాకాలమంతా గైడు గారి పనుల్లోనే గడిపాడు. ఆయన పేపర్లు దిద్దాడు, బ్యాంకుకెళ్లాడు, ఆయన కొడుకు అడ్మిషన్ కోసం క్యూలో నిలబడ్డాడు. జూన్ వచ్చేసరికి సొంత థీసిస్‌లో ఒక్క పేజీ లేదు. ఎదురు చెప్పలేదు, సంతకం ఆయన చేతిలో ఉంది కదా! మన తాతలు దొర గడపలో చేసిందీ, ఈ పిల్లోడు చేసిందీ ఒకటే. కాకపోతే వీడి చేతిలో పెన్నుంది.

2022 యు.జి.సి. నిబంధనల ప్రకారం పరిశోధక విద్యార్థికి బోధనలో, ల్యాబులో, పేపర్లు దిద్దడంలో సాయపడే పని వారానికి 4 నుంచి 6 గంటలు ఇవ్వొచ్చు. ఇంటి చాకిరీ మాట ఎక్కడా లేదు. పి.హెచ్.డి. గడువు ఆరేళ్లు, ఆడపిల్లలకు ఇంకో రెండేళ్లు పెంచుకునే వీలుంది. ఆ గడువులో ఒక్కో ఎండాకాలం పోతే ఎవరిస్తారు?

బాబాసాహెబుకే ఈ బాధ తప్పలేదు. బరోడా స్కాలర్‌షిప్ గడువు తీరి 1917లో లండన్ చదువు సగంలో ఆపి తిరిగొచ్చాడు. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి, డబ్బు కూడబెట్టుకుని 1920లో మళ్లీ వెళ్లాడు. డి.ఎస్సీ. చేతికొచ్చేసరికి 1923.

అందుకని పరిశోధన చేసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెబుతున్నా. ఎండాకాలం మొదలవకముందే ఏ పుస్తకాలు చదవాలో, ఏ అధ్యాయం రాయాలో కాగితం మీద పెట్టి గైడుకిచ్చి, ఒక కాపీ దాచుకోండి. చేసిన పని తేదీలతో రాసుకోండి. సెలవు నోటిమాటగా కాదు, రాతపూర్వకంగా అడగండి. ప్రతి సెమిస్టర్లో సలహా కమిటీ ముందు ఆ కాగితాలు పెట్టండి. అక్కడా వినకపోతే ఎస్.సి., ఎస్.టి. సెల్‌కి రాయండి. ఒంటరిగా వెళ్లొద్దు, సంఘాన్ని వెంటబెట్టుకెళ్లండి.

మావా, ఇక నీ మాట. నీ అప్పు నిజం, వడ్డీ నిజం. దాన్ని ఆ పిల్ల ఎండాకాలంతో కట్టొద్దు. ఫెలోషిప్ ఆలస్యమైన నెలల్లో సర్దడానికి సంఘం తరఫున చందా మొదలుపెడదాం. నా వంతు ఈ నెల జీతంలోంచి ఇస్తా. పదో రోజున నువ్వే ఆ పిల్లని బస్సెక్కించు.

జై భీమ్.