ఒక క్రైస్తవ మాతృమూర్తి కోరిక



సికిందరాబాదు కంటోన్మెంటునందలి బొల్లారమున 1847వ సంవత్సరమున వెలసిన హోలీ ట్రినిటీ చర్చిని మీలో ననేకులు చూచియుందురు. ఆ బొల్లారమున మన కులమునందే పుట్టి క్రైస్తవమత మవలంబించిన కుటుంబ మొకటి కలదు. ఆ యింటి యిల్లాలు మాతో నిట్లనెను: "పంతులుగారూ, మా మతమువారు కట్న మెంతయని యడుగుచున్నారు, మన కులమువారు మత మేమని యడుగుచున్నారు. పిల్ల మన సెవ్వరు నడుగరు. నా కూతునకు కట్న మీయను, కుమారునకు పుచ్చుకొనను. ఇద్దఱును తమకు నచ్చినవారిని పెండ్లాడి సుఖముగా నుండిన చాలును."

మేము తల వంచుకొంటిమి. మా కుమారుని వివాహమున మేమును కట్నము పుచ్చుకొన్నవారమే. ఆ తప్పు నీ సభలో నొప్పుకొనుచున్నాము.

అశ్వపతి సావిత్రిని తగిన వరుని తానే వెదకికొనుమని పంపెను. ఆ తల్లి చదువు బైబిలునందును రిబ్కాను పంపుటకు ముందు ఆమె సమ్మతి నడిగిరి. శాసనములును అడ్డు గావు. వధూవరులలో నొక్కరు క్రైస్తవులైనను 1872వ సంవత్సరపు క్రైస్తవ వివాహ చట్టముచే పెండ్లి జరుగవచ్చును. ఎవరి మతము వారికుండగనే పెండ్లాడుటకు 1954వ సంవత్సరపు ప్రత్యేక వివాహ చట్టము వీలు కల్పించినది. కట్న మిచ్చుటయు పుచ్చుకొనుటయు నేరమని 1961వ సంవత్సరపు చట్టము శాసించినది. చట్టము తెఱచిన తలుపును కులము మూయరాదు.

కావున మన సంఘపు వధూవరుల పట్టికలో ఆ తల్లి బిడ్డల పేర్లను గూడ చేర్చుకొని, కట్నపు మాట నందుండి తొలగింపవలెనని ప్రార్థించుచు విరమించుచున్నాము.