ఉర్దూ బడుల్లో భర్తీ కాని పోస్టులు

(ఉర్దూ మాధ్యమ పాఠశాలల ఉపాధ్యాయులు, విద్యార్థుల తల్లిదండ్రుల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య ప్రాశస్త్యాన్ని గురించి నాకు ముందు మాట్లాడిన పెద్దలు ఎంతో చక్కగా చెప్పారు. దానికి నేను చేర్చగలిగినది ఏమీ లేదు. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళ మధ్య గడిపిన గుమాస్తాను నేను. నా మాటలు కూడా కాగితాల చుట్టూనే తిరుగుతాయి, మన్నించాలి. మరొక విషయం. మనలో చాలామందిమి ఇంట్లో ఉర్దూ మాట్లాడుతాము, వార్తాపత్రిక తెలుగులో చదువుతాము, అధికారికి అర్జీ పెట్టవలసి వస్తే తెలుగులోనే వ్రాస్తాము. ఉర్దూ బడిని గురించిన ఈ ప్రసంగం తెలుగులో సాగటానికి కారణం అదే. దూదేకుల సోదరులలో అధిక సంఖ్యాకులకు ఇంటి భాష కూడా తెలుగే. కనుక ఉర్దూ బడి ముస్లిములందరి బడి అని నేను అనను. ఏ తల్లి తన బిడ్డను ఆ బడికి పంపిందో, ఆ బిడ్డకు అక్కడ పాఠం చెప్పే మనిషి ఉండాలని మాత్రమే నా వాదన.

ఇక్కడికి వచ్చిన ఉపాధ్యాయులలో చాలామంది మనస్సులో ఇప్పుడు టెట్ తప్ప వేరొక ఆలోచన లేదని నాకు తెలుసు. 2025 సెప్టెంబరు 1న అంజుమన్ ఇషాఅతె తాలీమ్ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. ఒకటి నుండి ఎనిమిది తరగతులకు బోధించే వారు, ఎంత పాత సర్వీసు ఉన్నవారైనా, టెట్ ఉత్తీర్ణులై ఉండాలని దాని సారాంశం. తీర్పు నాటికి అయిదేళ్ళకు మించి సర్వీసు మిగిలి ఉన్నవారికి రెండేళ్ళ గడువు ఇచ్చారు. అంతకు తక్కువ మిగిలిన వారు పరీక్ష లేకుండానే విరమణ వరకు కొనసాగవచ్చు, కాని పదోన్నతి ఉండదు. మన రాష్ట్రంలో విరమణ వయస్సు 62 కనుక ఆ తేదీకి 57 దాటినవారు నిశ్చింతగా ఉండవచ్చు. తెలంగాణలో 61 కనుక అక్కడ లెక్క 56. మన ప్రాంతంలో టెట్ మొట్టమొదట జరిగింది 2011లో. అంటే 2008 డి.ఎస్.సి., అంతకు ముందరి నియామకాల వారంతా ఈ తీర్పు పరిధిలోకి వస్తారు.

ఇరవై ఏళ్ళు పిల్లలకు అక్షరాలు దిద్దబెట్టిన మనిషిని, నీకు చెప్పే అర్హత ఉన్నదో లేదో చూపించమనటం న్యాయమేనా? నా దృష్టిలో కాదు. కొన్ని రాష్ట్రాలు పునఃసమీక్ష కోరాయి, ఉపాధ్యాయ సంఘాలు పోరాడుతున్నాయి, పోరాడవలసిందే. అయితే తీర్పు మారుతుందన్న నమ్మకంతో పుస్తకం మూసివేయటం వివేకం కాదు. మొత్తం 150 మార్కులు. జనరల్ వారికి 90 రావాలి, బి.సి.లకు 75 చాలు. బి.సి.-ఇ కిందికి వచ్చే ఉపాధ్యాయులు కుల ధ్రువీకరణ పత్రం సరిగా ఉన్నదో లేదో ఈ వారమే చూసుకోండి. పదిహేను మార్కుల తేడా చిన్నది కాదు.

"మనం మైనారిటీలం కదా, ఈ తీర్పు మనకు వర్తించదు కదా" అని మొన్న ఒక ఉపాధ్యాయురాలు నన్ను అడిగారు. ఈ భ్రమ చాలామందిలో ఉన్నది. 2014లో ప్రమతి కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, రాజ్యాంగం 30వ అధికరణ కింద మైనారిటీలు నెలకొల్పి నడుపుకునే విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని చెప్పింది. 2025 తీర్పు ఇచ్చిన ధర్మాసనం ఆ నిర్ణయాన్ని సందేహించి, విస్తృత ధర్మాసనానికి నివేదించాలని కోరింది. అది తేలేవరకు మైనారిటీ సంస్థలకు రక్షణ ఉన్నది. కాని జిల్లా పరిషత్తు, మండల పరిషత్తు, పురపాలక సంఘం నడిపే ఉర్దూ పాఠశాల మైనారిటీ సంస్థ కాదు. అది ప్రభుత్వ పాఠశాల. అందులో ఉర్దూ బోధించటం వలన దాని యజమాని మారడు. విద్యాహక్కు చట్టం దానికి మొదటి అక్షరం నుండి చివరి అక్షరం వరకు వర్తిస్తుంది.

సరే, వర్తించనివ్వండి. అదే చట్టంలోని 23వ సెక్షను ఉపాధ్యాయుని అర్హత అడుగుతున్నది. దానికి మూడు సెక్షన్ల తరువాత 26వ సెక్షను ఉన్నది. ప్రభుత్వ అజమాయిషీలోని ఏ పాఠశాలలోనైనా ఉపాధ్యాయ ఖాళీలు మంజూరైన పోస్టులలో పది శాతానికి మించకుండా నియామక అధికారి చూడాలని అది ఆదేశిస్తున్నది. జిల్లా మొత్తం మీద సగటు తీసి పది శాతం అనటానికి వీలు లేదు, "పాఠశాలలో" అని చట్టంలోనే ఉన్నది. ముగ్గురు ఉండవలసిన చోట ఒక్కరు లేకపోయినా ముప్పై మూడు శాతం ఖాళీ. ఈ లెక్కన మన ఉర్దూ బడులలో ఎన్ని చట్టం ప్రకారం నడుస్తున్నాయో ఇక్కడ కూర్చున్న ప్రధానోపాధ్యాయులే చెప్పాలి. 23వ సెక్షను కింద ఉపాధ్యాయునికి గడువు పెట్టారు. 26వ సెక్షను కింద ప్రభుత్వానికి గడువు పెట్టమని ఎవరూ అడగలేదు. మనమే అడగలేదు.

ఈ ఖాళీలు ఎందుకు నిండవు? మనవాళ్ళు చదువుకోలేదు కనుక అనే సమాధానం వేదికల మీద తరచుగా వినబడుతుంది. అది పూర్తి నిజం కాదు. అసలు కారణం రోస్టర్ పట్టికలో ఉన్నది. ఏ వరుస సంఖ్య ఏ వర్గానికి చెందాలో ఆ పట్టిక చెబుతుంది. నేను ఆ పట్టికలు చూసిన రోజులలో రెండవ బిందువు ఎస్సీ మహిళకు, ఏడవది ఎస్సీకి, ఎనిమిదవది ఎస్టీ మహిళకు ఉండేవి. ఎస్.జి.టి. తెలుగుకు ఒక రోస్టరు, ఎస్.జి.టి. ఉర్దూకు మరొకటి. ఉదాహరణకు ఒక జిల్లాలో ఉర్దూ ఎస్.జి.టి. పోస్టులు ఎనిమిది వచ్చాయనుకుందాం. రోస్టరు మొదటి నుండి మొదలైతే అందులో మూడు ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు వెళతాయి. ఉర్దూ మాధ్యమంలో చదివి, ఉర్దూలో డి.ఇఎల్.ఇడి. చేసిన ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులు ఎక్కడ నుండి వస్తారు? పైగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ముస్లిము ఎస్సీ కాజాలడు. బి.సి.-ఎ, సి, డి బిందువుల పరిస్థితి కూడా దాదాపు ఇంతే, బి.సి.-బి లో దూదేకుల అభ్యర్థులు ఉర్దూ చదివి ఉంటే కొంత నయం. మిగిలిన పోస్టులు తరువాతి నోటిఫికేషనుకు పోతాయి, అక్కడా నిండవు, మళ్ళీ ముందుకు పోతాయి. 2025లో మన రాష్ట్రంలో 16,347 పోస్టులతో మెగా డి.ఎస్.సి. వచ్చినప్పుడు కూడా చాలామంది యువకులు నా వద్దకు ఇదే ప్రశ్నతో వచ్చారు. పోస్టు ఉన్నది, నేనున్నాను, నాకెందుకు రాదు అని. వారిలో ఒక అమ్మాయి మూడవసారి వ్రాస్తున్నది. ఆమె చదువుకున్న బడిలోనే పోస్టు ఖాళీగా ఉన్నది.

ఇది వినగానే మనలో కొందరు ఆవేశపరులు, "ఉర్దూ పోస్టులకు రిజర్వేషనే తీసివేయాలి" అంటారు. ఈ మాటను నేను బహిరంగంగా వ్యతిరేకిస్తున్నాను. 2007 నుండి మనకున్న నాలుగు శాతం ఏ పునాది మీద నిలిచి ఉన్నది? అది కూడా 2010 నుండి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు నీడలో బ్రతుకుతున్నది. సాటి బలహీనుని వాటాను వేలెత్తి చూపినవాడు రేపు తన వాటా కోసం ఎవరి తలుపు తట్టగలడు? నిజానికి ఈ ఖాళీ పోస్టు వలన దళిత అభ్యర్థికి కూడా ఒరిగింది ఏమీ లేదు. అతని పేరు మీద పోస్టు ఉన్నది, జీతం లేదు. మన బిడ్డకు బడి ఉన్నది, పంతులు లేడు. ఇద్దరూ నష్టపోతున్న చోట ఇద్దరిని తగాదా పెట్టటం ఎవరికి లాభమో ఆలోచించండి.

నా ప్రతిపాదన సులువైనది. ఒకే జిల్లా, ఒకే స్థాయి, ఒకే జీతం గల తెలుగు, ఉర్దూ ఎస్.జి.టి. పోస్టులను రోస్టరు లెక్కకు ఒకటిగా చూడండి. ఉర్దూలో అభ్యర్థి దొరకని ఎస్సీ, ఎస్టీ, బి.సి. బిందువులను అదే నోటిఫికేషనులో తెలుగు మాధ్యమ పోస్టులకు మార్చండి. అన్నే జనరల్ బిందువులను ఉర్దూకు తీసుకురండి. ఎవరి వాటాలోనూ ఒక్క పోస్టు తగ్గదు. పైగా ఏళ్ళ తరబడి కాగితం మీద మిగిలిన పోస్టు ఆ సంవత్సరమే ఒక దళిత యువకునికి ఉద్యోగం అవుతుంది. తెలుగు మాధ్యమంలోని జనరల్ అభ్యర్థులు అభ్యంతరం చెప్పవచ్చు. వారి మాట కూడా వినాలి. కాని ఉర్దూ పోస్టులు మొత్తంలో ఎంత స్వల్పమో లెక్క చూపితే ఆ అభ్యంతరం నిలబడుతుందని నేను అనుకోను. సర్వీసు నిబంధనల సవరణ ప్రభుత్వం చేతిలోని పనే. ఈ వినతిపత్రాన్ని దళిత, గిరిజన ఉపాధ్యాయ సంఘాలతో కలిసి ఇవ్వాలి. వారు సంతకం చేయని కాగితం పట్టుకుని అమరావతికి వెళ్ళటం వృథా.

ఖాళీ వలన జరిగే నష్టం అక్కడితో ఆగదు. మా పట్టణంలోని ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో గణితం చెప్పేవారు లేక మూడేళ్ళు గడిచాయి. అక్కడి ఉర్దూ పండితుడే లెక్కలు కూడా చెప్పాడు. ఆయన తప్పేమీ లేదు, చేతనైనది చేశాడు. ఆరవ తరగతి పిల్లలు భిన్నాలు రాకుండా ఎనిమిదికి వెళ్ళారు. చూసిన తల్లిదండ్రులు అప్పు చేసి ప్రైవేటు బడికి మార్చారు. పిల్లల సంఖ్య తగ్గింది. తగ్గిన సంఖ్యను చూపి, ఇంతమందికి ఇన్ని పోస్టులు ఎందుకని హేతుబద్ధీకరణలో ఒక పోస్టును ఎత్తివేశారు. పంతులు లేక పిల్లలు పోయారు, పిల్లలు లేరని పంతులు పోస్టు పోయింది. ఆ ఫైలు మీద చివరకు వ్రాసిన మాట "డిమాండు లేదు".

ఇంగ్లీషు కోసమే తల్లిదండ్రులు వెళ్ళిపోతున్నారు అనేవారూ ఉన్నారు. ఇంగ్లీషు కోరటం తప్పు కాదు, నా మనవలూ ఇంగ్లీషులోనే చదువుతున్నారు. అది వేరే చర్చ. లెక్కల పంతులు లేని బడిని ఏ భాషా నిలబెట్టలేదు. అలాగే, బడి మానిన మన పిల్లలంతా మదరసాలలో ఉన్నారని భావించే అధికారులకు సచార్ కమిటీ నివేదికను చూపించండి. మదరసాలకు వెళ్ళేది నాలుగు శాతం లోపే అని 2006లోనే అది చెప్పింది. ఆరు నుండి పద్నాలుగేళ్ళ ముస్లిము పిల్లలలో పాతిక శాతం మంది అసలు బడికి వెళ్ళని వారో, మధ్యలో మానినవారో అని కూడా చెప్పింది.

ఇప్పుడు మనం చేయవలసిన పని. చట్టం 21వ సెక్షను ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సభ్యులలో సగం మహిళలు. తల్లులారా, ఈ కమిటీ మీది. సమావేశం పుస్తకంలో వేలిముద్రో సంతకమో పెట్టి, టీ త్రాగి వచ్చేయకండి. మంజూరైన పోస్టులు ఎన్ని, పనిచేస్తున్నవారు ఎందరు, ఏ పోస్టు ఏ తేదీ నుండి ఖాళీ, ఈ మూడు సంగతులు తీర్మానంగా వ్రాయించండి. తీర్మానం ప్రతిని మండల విద్యాశాఖాధికారికి ఇచ్చి, రెండవ ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర లేని కాగితం కార్యాలయంలో లేనట్టే. ఇది గుమాస్తాగా నేను చెప్పే మాట. పిల్లవాని వివరాలు కంప్యూటరులో ఎక్కించేటప్పుడు మాతృభాష గడిలో ఏమి వ్రాశారో అడిగి చూడండి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లవానికి అలవాటుగా తెలుగు అని పడి ఉంటే దిద్దించండి. రేపు 350-ఎ అధికరణ పేరు చెప్పి మాతృభాషలో ప్రాథమిక విద్య అడిగినప్పుడు, ముందుగా చూసేది ఆ గడినే.

ఏ ఖాళీ ఏ రోస్టరు బిందువు కింద నిలిచిపోయిందో జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయం నుండి సమాచార హక్కు చట్టం కింద అడగవలసి ఉన్నది. రుసుము పది రూపాయలు, తెల్లకార్డు ఉన్నవారికి అదీ లేదు. ముప్పై రోజులలో జవాబు రావాలి. దరఖాస్తు నమూనా తెలుగులో వ్రాసి, ప్రతులు తీయించి, వెనుక బల్ల మీద ఉంచాను. ఒక్కొక్క బడికి ఒక్కటి తీసుకోండి. మీ పాఠశాల పేరు, యూడైస్ సంఖ్య నింపవలసిన ఖాళీలు మొదటి పేరాలో ఉన్నాయి. యూడైస్ సంఖ్య తెలియనివారు ప్రధానోపాధ్యాయుడు ఈ సభలోనే ఉన్నారు కనుక వెళ్ళేముందు అడిగి వ్రాసుకోండి.