మరల పోవచ్చునా?



గూడెం కొత్తవీధి ప్రాంతమునుండి ఒక విశ్రాంత ఉపాధ్యాయులు మాకు ఉత్తరము వ్రాసినారు. ఆ దంపతులు అమెరికాలోని తమ కుమార్తె పురిటికి సాయముగా మార్గశిరములో వెళ్లి, అయిదు నెలలుండి వైశాఖములో తిరిగివచ్చినారు. శ్రావణములో మనుమని అన్నప్రాశనకు మరల రమ్మని కుమార్తె కోరుచున్నది. “లోపల ఎన్ని నెలలున్నామో బయట అన్ని నెలలుండనిదే రానీయరందురు. నిజమేనా?” అని వారి ప్రశ్న.

ఈ మాట మనలో పలువురు అనుచుందురు. కాని అమెరికా చట్టములో అట్టి లెక్క లేదు. అంతమాత్రమున అడ్డే లేదని తలపరాదు.

వీసా వేరు, బస గడువు వేరు. వీసా 10 సంవత్సరములు చెల్లునదైనను, అది వాకిటివరకు పోయి ప్రవేశము కోరుటకే అనుమతి. లోపల ఎంతకాలముండవచ్చునో విమానాశ్రయములోని అధికారి నిర్ణయించును. సందర్శకులకు సాధారణముగా 6 నెలలిత్తురు. గడువు తేదీ ఐ-94 అను నమోదులో ఉండును. దానిని నేడు ఇంటర్నెట్టులో చూచుకొనవచ్చును.

పొడిగింపునకు సకాలములో దరఖాస్తు పెట్టక గడువు మీరినచో, ఒక్క దినమైనను ఆ వీసా చెల్లకపోవును. 1996 నాటి చట్టము ప్రకారము, 180 దినములకు మించి అక్రమముగా ఉండి వెడలినవారికి 3 సంవత్సరములును, ఏడాది లేక అంతకు మించి ఉన్నవారికి 10 సంవత్సరములును ప్రవేశము నిషిద్ధము.

గడువులోపలనే తిరిగివచ్చిన మన ఉపాధ్యాయులకు ఈ శిక్షలు వర్తింపవు. అయినను వారిని అధికారి పరీక్షించును. ఆ పరీక్షకు మూలమొక్కటే: వీరి ఇల్లెక్కడ? వచ్చినది చుట్టపుచూపునకా, కాపురమునకా? ఏటికేడు అధికభాగము అక్కడనే గడిపినచో సందేహము బలపడును. సంతృప్తి చెందనిచో వెనుకకు పంపు అధికారమును అతనికి కలదు.

బ్రిటనులోను ఇంచుమించు ఇదే తీరు. సందర్శకునకు సాధారణముగా 6 నెలలు. కాని వరుస రాకపోకలతో అక్కడనే నివాసమేర్పరచుకొనరాదు. ఐరోపాలోని షెంగెన్ దేశములలో మాత్రము లెక్క స్పష్టము: ఏ 180 దినములు తీసికొన్నను 90కి మించి ఉండరాదు.

కావున మేము చెప్పునదేమనగా, తిరుగు టిక్కెట్టు, పింఛను పత్రములు, క్రిందటిసారి గడువులోపల వెడలిన రుజువులు చేతి సంచిలో ఉంచుకొనుడు. అడిగినదానికి సూటిగా నిజము చెప్పుడు. ప్రవేశమునకై బుద్ధిపూర్వకముగా అబద్ధమాడినవారికి ఆ ద్వారము జీవితాంతము మూతపడవచ్చును.

ఉపాధ్యాయులు ఉత్తరము చివర మరొక మాట వ్రాసినారు: క్రిందటేడు కాఫీ పండ్ల కోతకు తాము తోటలో లేకపోయితిమనియు, ఈ యేడు కార్తికమునకు తప్పక ఇంట ఉండవలెననియు. అధికారి అడిగినచో ఆ మాటనే చెప్పవలెనని మా మనవి. “మీ ఇల్లెక్కడ?” అను ప్రశ్నకు అంతకంటె మంచి జవాబు మాకు తోచుట లేదు.