ఆగిన రక్తము తిరిగి పారునప్పుడు

వేసవిలో కాలువలు కట్టివేసినపుడు తణుకు ప్రాంతపు చేలు నెర్రెలిచ్చుట మన మెరిగినదే. నీరు లేకున్న పైరెండును. ఎండిన చేలోనికి నీరు ఒక్కమారుగా వచ్చిపడిన గట్లు తెగును. దేహమునందును ఇట్టి దొకటి కలదు. దానిని గూర్చి నేడు మనవి చేయుచున్నాము. విషయము బిడియము గొలుపునదే. కాని ఇందు ఆ బిడియమే హాని చేయుచున్నది.

వృషణమునకు రక్తము నందించు నాళములు అది వ్రేలాడు రజ్జువులోనే ఉన్నవి. రజ్జువు మెలివడినచో మొదట సిరలు, పిమ్మట ధమని మూసికొనిపోవును. ఇది ముఖ్యముగా 12 మొదలు 18 ఏండ్ల బాలురకు సంభవించును. కుక్కలలోను, గుఱ్ఱములలోను కలదు.

రక్త మాగిన కణములలో ఏ.టీ.పీ. యను శక్తిద్రవ్యము త్వరగా తరిగిపోవును. ఈ ద్రవ్యమును 1929లో హార్వర్డునందు సైరస్ ఫిస్కేతో కలిసి కనుగొన్నవారు, మన పొరుగుననున్న భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే యేట జర్మనీలో కార్ల్ లోమన్ కూడ వేరుగా కనుగొనెను. అది విరిగి, హైపోజాంథిన్ అను పదార్థము కణములలో ప్రోగుపడును. మెలి విప్పగానే ప్రాణవాయువు వచ్చి చేరును. అపుడు ఒక ఎంజైము ఆ ప్రోగును ప్రాణవాయువుతో కలిపి సూపరాక్సైడు మున్నగు ఉగ్రపదార్థములను పుట్టించును. తెల్ల రక్తకణములును చేరి వానిని హెచ్చించును. అవి కణముల పొరలలోని క్రొవ్వును చెఱచును. దీనినే ఆక్సీకరణ ఒత్తిడి యందురు.

శాస్త్రజ్ఞులు ఎలుకలకు మత్తునిచ్చి, వృషణమును 720 డిగ్రీలు, అనగా రెండు చుట్లు త్రిప్పి, గంట రెండు గంటలకు విప్పి చూచిరి. రక్తము తిరిగి పారినను వీర్యకణముల ఉత్పత్తి కుంటుపడెను. ఆక్సీకరణమును అరికట్టు మందు లిచ్చినపుడు ఎలుకలలో నష్టము కొంత తగ్గినట్లు పెక్కు పరిశోధనలు తెల్పినవి. మనుష్యుల విషయమున మాత్రము అట్టి మందేదియు స్థిరపడలేదు. అట్లని మెలి విప్పక మానరాదు. విప్పకున్న వృషణము నశించుట తథ్యము.

కనుక కాలమే ముఖ్యము. నొప్పి పుట్టిన 6 గంటలలోపల శస్త్రచికిత్స జరిగినచో సాధారణముగా వృషణము దక్కును; 24 గంటలు గడచినచో దక్కుట అరుదు. పిల్లవాడు రాత్రివేళ హఠాత్తుగా పొత్తికడుపు నొప్పి యని వాంతి చేసికొనినచో, కాపడము పెట్టుచు తెల్లవారువఱకు ఆగవలదు. కొందఱు పిల్లలు సిగ్గుచే అసలు చోటు చెప్పరు. తల్లిదండ్రులే అడిగి తెలిసికొని, శస్త్రవైద్యుడున్న ఆసుపత్రికి తక్షణమే కొనిపోవలెనని మా మనవి.