విషం మాయం కాదు, జాగ మారుతది

(మానవపాడు సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



మన ఉద్యమానికి నీళ్ల ముచ్చట కొత్తది కాదు. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగింది మనిషినని చాటడానికే. 1985 జూలైలో కారంచేడు మాదిగలు తాగే చెరువును పశువుల కుడితితో మురికి చేస్తుంటే మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తి అడ్డం నిలబడింది. ఆ ఒక్క మాటకు మరునాడు ఊరి పెత్తందార్లు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు.

ఆనాడు చెరువులో పడ్డది కుడితి. కంటికి కనబడ్డది కాబట్టి ఆమె అడ్డుకోగలిగింది. ఈనాడు ఫ్యాక్టరీ మురుగులో వచ్చే సీసం, ఆర్సెనిక్, పాదరసం నీళ్లలో కరిగితే కంటికి కనబడవు, ముక్కుకు తెలవవు. కనబడనిదాన్ని అడ్డుకోవాలంటే ముందు దాని గుట్టు మనకు తెలవాలె.

గుట్టు ఒక్కటే. పేడ కుళ్తది, మట్టిలో కలుస్తది. లోహం కుళ్లదు, కాలి బూడిద కాదు. సీసం వందేండ్లకైనా సీసమే. నీళ్లు కాచితే పోదు; నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడతది. మరి 'శుద్ధి చేస్తున్నం' అంటే అర్థం ఏంది? నీళ్లలో ఉన్న విషాన్ని తీసి ఇంకోచోట పెట్టుడు. అంతే. ఆ ఇంకోచోటు ఎవరిది? ఇదే ఇయ్యాల మనం అడగాల్సిన మాట.

శుద్ధి ఎట్ల చేస్తరో చెప్త. పటిక తిప్పితే ఎర్రనీళ్ల మట్టి అడుగుకు దిగుతది గదా. అట్లనే మురుగులో తగినంత సున్నం కలిపితే, కరిగి ఉన్న లోహాలు చాలామటుకు పలుకులు పలుకులుగా గడ్డకట్టి దిగుతయి. పైన తేట, కింద బురద. క్రోమియం కొంచెం మొండిది. ఇనుప సామానుకు మెరుగు పూత పూసే ఫ్యాక్టరీలు వాడే 'ఆరో రకం' క్రోమియం వట్టి సున్నానికి లొంగదు. ముందు ఫెర్రస్ సల్ఫేట్ లాంటి మందు కలిపి దాన్ని 'మూడో రకం'గా మార్చాలె, ఆ తర్వాతే సున్నం. అప్పటికీ మిగిలిన దాన్ని బొగ్గుతోనో, లోహాన్ని పట్టుకునే రసాయన గుళికలతోనో, సన్నని పొరల జల్లెడతోనో పట్టాలె.

ఇదంతా ఎవరి ఫ్యాక్టరీ గేటు లోపల వాళ్లే చేయాలె. పదిమంది మురుగు ఒక్క తొట్లో పోస్తే లోహం పలచనైతది, పట్టుడు కష్టమైతది. మురుగు తిని శుభ్రం చేసే సూక్ష్మజీవులు ఆ లోహంతోనే చస్తయి. మంచినీళ్లు కలిపి పలచన చేసుడు శుద్ధి కాదు, దాచిపెట్టుడు.

మన తాతలు లందల్లో సున్నం, తంగేడు చెక్క వేసి తోళ్లు పదును చేసిన్రు. ఊరు వాళ్లను మైలోళ్లని దూరం పెట్టింది. అదే తోలుకు క్రోమియం పట్టించి మురుగు వదిలినోణ్ణి 'పారిశ్రామికవేత్త' అంటున్నది. మైల ఎవరిదో ఇప్పుడు చెప్పండి!

మన రాష్ట్రంలో పటాన్‌చెరును చూడండి. 1970ల నుంచి అక్కడ పారిశ్రామికవాడ పెరిగింది. మురుగు నక్కవాగులో పడి మంజీరకు చేరింది. పొలాలు చెడిపోయినయి, బావులు చెడిపోయినయి. డాక్టర్ కిషన్‌రావు ఊరి జనంతో కలిసి ఏండ్ల తరబడి కొట్లాడిండు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు పోయింది. అక్కడి నుంచి 2001లో హైకోర్టుకు, తర్వాత గ్రీన్ ట్రిబ్యునల్‌కు తిరిగి, 2017లో తీర్పు వచ్చింది. ఇరవై ఏడేండ్లు! ఆనాడు పుట్టిన పిల్లకు పెండ్లయి పిల్లలు పుట్టేంత కాలం. అక్కడి నేలలో క్రోమియం, నికెల్, సీసం, ఆర్సెనిక్ పేరుకున్నయని ఎన్.జి.ఆర్.ఐ. శాస్త్రవేత్తలు 2001లోనే ప్రచురించారు.

కోర్టు ద్వారా పంట నష్టానికి పరిహారం వచ్చింది. కానీ లెక్క ఎకరానికి. ఎకరం లేనోని సంగతేంది? మోకాటి లోతు ఆ నీళ్లలో దిగి కలుపు తీసిన కూలి తల్లి కాళ్లకు పట్టా ఉంటదా? ఆ వాగులో బట్టలు ఉతికిన చాకలి, చేపలు పట్టిన బెస్త ఏ ఎకరం చూపాలె?

1994లో అక్కడ ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టారు. తర్వాత 18 కిలోమీటర్ల పైపు వేసి ఆ నీళ్లను హైదరాబాద్ మురుగు కాలువలో కలిపి అంబర్‌పేటకు పంపారు. అక్కడినుంచి మూసీ. మూసీ పోయి వాడపల్లి కాడ కృష్ణలో కలుస్తది. చూసిన్రా? జాగ మారింది.

చట్టం లెక్క కూడా వినండి. తాగే నీళ్లలో లీటరుకు 0.01 మిల్లీగ్రామును మించి సీసం ఉండొద్దు. ఫ్యాక్టరీ మాత్రం వాగులోకి 0.1 దాకా వదలొచ్చు. అంటే పదింతలు. ఆర్సెనిక్ అయితే 0.01కి 0.2, ఇరవై ఇంతలు. నదిలో కలిసి పలచనైతదని ధైర్యం. ఎండాకాలం ఎండిన వాగులో దేంట్లో కలుస్తది? అక్కడ మురుగే వాగు.

'మాకేంది, మాది ఆర్డీఎస్ కాలువ కింది పల్లె' అనుకోకండి. పక్కనే రాజోలి మండలం పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని 2025 జూన్‌లో జనం లేచిన్రు. అరెస్టులైనయి, రైతులను సంకెళ్లతో అలంపూర్ కోర్టుకు తెచ్చిన్రు. ఇథనాల్ మురుగు వేరు; అది ముఖ్యంగా కుళ్లే మురుగు. కానీ ఏ ఫ్యాక్టరీ వచ్చినా అడగాల్సిన ప్రశ్నలు ఇవే:

ఒకటి, మీ మురుగులో ఏ లోహాలు ఉంటయి? రెండు, గేటు లోపలే తీస్తరా, కలిపి పంపుతరా? మూడు, తీసిన బురద ఎన్ని టన్నులు, ఏ లారీలో, ఎక్కడికి పోతది? అది ప్రమాదకర వ్యర్థం. దుండిగల్ లాంటి రక్షణ ఉన్న చోటుకే పోవాలె, పోయినట్టు ప్రతి లారీకి రశీదు ఉండాలె. మన గుట్ట కింద, మన స్మశానం పక్కన పోస్తే ఊకోవద్దు. నాలుగు, ఆ బురద ఎత్తేది ఎవరు? చేతికి తొడుగులు, ముక్కుకు గుడ్డ, దవాఖాన పరీక్ష ఉన్నయా? ఆ పనికి మళ్లీ మన పిల్లలనే పిలుస్తరు, యాది పెట్టుకోండి.

కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతి కాగితాలు, నీటి పరీక్షల ఫలితాలు 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. ప్రజాభిప్రాయ సేకరణ ఉంటే నివేదిక సారాంశం తెలుగులో ఇవ్వాలె. లేదంటే ఎందుకు మినహాయించిన్రో రాతపూర్వకంగా అడగండి. గ్రామసభలో తీర్మానం రాయించి సంతకాలు పెట్టించండి. ఫ్యాక్టరీ రాకముందే బోర్ల నీళ్లు పరీక్ష చేయించి కాగితం దాచుకోండి. రేపు 'ముందునుంచే ఇట్ల ఉన్నయి' అంటే ఆ కాగితమే మన సాక్షి. దళితులు, ఆదివాసులు వాడుకునే నీటి వనరును చెడగొట్టడం 1989 అట్రాసిటీ చట్టం కింద నేరమని కూడా మరవకండి.

సంఘం నాయకులకు ఒక మాట. పరిహారం అడిగినప్పుడు ఎకరాల పట్టీతో పాటు కూలీల పట్టీ రాయండి. పేరు, వయసు, ఏ పొలంలో ఎన్ని రోజులు పని, ఒంటి మీద ఏం రోగం: అన్నీ ఇప్పుడే రాసి పెట్టండి. కాగితం మీద లేని మనిషి కోర్టుకు కనబడడు. ఆ పట్టీ రేపు పొద్దున మన గూడెంలోనే మొదలుపెడదాం. రాయడానికి బడి పిల్లలను నేను తోలుకొస్త.

జై భీమ్.