గిలకల విల్లు

విల్లు అనగానే మన కన్నుల యెదుట నిలిచేది వంగిన బద్ద, దాని రెండు కొనలకు బిగించిన నారి. రాముని చేతిలోనైనా, నల్లమల చెంచుల చేతిలోనైనా దాని రూపం అదే. నేటి పోటీలలో వాడే కాంపౌండు విల్లును మొదటిసారి చూచినవారికి మాత్రం అది విల్లో, యంత్రమో తోచదు. పొట్టి బద్దలు, వాటి కొనలయందు రెండు గిలకలు, నడుమ అటునిటు పోయే త్రాళ్లు. ఇంత సరంజామా ఉండగా కొట్టేది యంత్రమే కదా, ఇక విలుకాని గొప్ప యేమున్నదని కొందరు అడుగుతారు. ఆ ప్రశ్న సహజమైనదే. కనుక కొంచెం తరచి చూతము.

సాధారణమైన వింటిలో నారిని లాగినకొలది బరువు పెరుగుతుంది. దవడదాకా లాగి గురి చూచే క్షణాననే ఆ బరువు అన్నిటికంటె హెచ్చు. అనగా నిశ్చలత మిక్కిలి అవసరమైన వేళకే భుజం వణకనారంభిస్తుంది. విలుకాండ్రకు ఇది ఎంతో పాత చిక్కు.

దీనికి ఒక ఉపాయం కనిపెట్టినవాడు అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రవాసి హాలిస్ విల్బర్ ఆలెన్. ఆయన 1966లో పేటెంటుకు దరఖాస్తు పెట్టగా 1969లో అది మంజూరైనది. బావిగిలకకు ఇరుసు నడిమధ్యన ఉంటుంది. ఆలెన్ తన గిలకలకు ఇరుసును ఒక ప్రక్కకు జరిపి అమర్చినాడు. నారిని లాగగా గిలక తిరుగుతుంది. ఒకవైపు నారి విడివడుతుంటే, మరొకవైపు త్రాడు చుట్టుకొని ఎదుటి బద్దను వంచుతుంది. గునపాన్ని పొడవుగా పట్టుకొన్నవాడు బండను తేలికగా కదలించడం మనమెరిగినదే. ఇక్కడను అంతే: లాగుట పూర్తి అయ్యేసరికి నారివైపు మీట పొడవు పెరిగి, త్రాటివైపు తగ్గుతుంది. అందువలన నడుమ 50 పౌండ్లకు చేరిన బరువు చివరకు 10 పౌండ్లకు దిగవచ్చును. నేటి విండ్లలో నూటికి 65 మొదలు 80 వంతుల వరకు, కొన్నిటిలో అంతకు మించి, బరువు ఇట్లు తగ్గుతుంది.

అయితే యంత్రం తనంతట తాను పిసరంత శక్తినైనా చేర్చదు. బద్దలలో నిలువ అయినదంతయు విలుకాని వీపు, భుజాలు ఇచ్చినదే. మామూలు వింటిలో బరువు క్రమంగా పెరిగి చివరనే శిఖరానికి చేరుతుంది. ఇందులో త్వరగా శిఖరానికి చేరి, చాలా దూరం అక్కడనే నిలుస్తుంది. అందుచేత నిలువయ్యే శక్తి ఎక్కువ, బాణానికి వేగమూ ఎక్కువ. సెకనుకు 300 అడుగులన్నది అరుదు కాదు. అంబు కూర్చకుండ నారిని విడువరాదనే నియమానికి కారణమూ ఇదే. మోసుకొనిపోవుటకు బాణం లేనప్పుడు ఆ శక్తి వింటినే విరుగగొట్టవచ్చును.

నారిలో పొదిగిన సన్నని రంధ్రం, లక్ష్యాన్ని పెద్దదిగా చూపే కటకం, విల్లు ఒరిగినదీ లేనిదీ తెలిపే రసమట్టం, వ్రేళ్లకు బదులు నారిని పట్టి విడిచే చేతిమీట, ఇవన్నియు విలుకానికి తోడుంటాయి. కాని ఇవి అందరి చేతిలోనూ ఉన్నవే. 50 మీటర్ల దూరాన, 8 సెంటీమీటర్ల వలయంలో బాణం నాటితేనే పది పాయింట్లు. ముఖాముఖి పోటీలో ఒక్కొక్క బాణానికి గడువు 20 సెకనులు. గురి కుదిరినదని మనసు తొందరపడి మీటను నొక్కితే చేయి అదురుతుంది, బాణం తప్పుతుంది. వెన్నుకండరాలు మెల్లగా బిగుసుకొనగా, విడుదల తనకే తెలియనంత మెత్తగా జరుగవలెను. బరువు భుజాన్ని విడిచి మనసు మీదికి ఎక్కినదన్నమాట.

ఆ పరీక్ష ఎంత కఠినమో మన విజయవాడ యువతి వెన్నం జ్యోతి సురేఖ చూపినారు. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల వ్యక్తిగత తుదిపోటీలో ఆమె 15 బాణాలకు 149 పాయింట్లు సాధించినారు. అనగా పదునాలుగు పదులు, ఒక్క తొమ్మిది. కొరియా క్రీడాకారిణికి లభించినవి 145. ఆ క్రీడలలో ఆమె గెలిచిన స్వర్ణపతకాలు మూడు.

1972లో విలువిద్య ఒలింపిక్సుకు తిరిగి వచ్చిన నాటినుండి అక్కడ గిలకల వింటికి చోటు లేకపోయినది. 2028 లాస్ ఏంజలెస్ క్రీడలలో స్త్రీపురుషుల మిశ్రమ జట్ల పోటీకి 2025లో అంగీకారం లభించినది. ఆ పోటీని చూచేవారు గిలకలను చూచి ఊరకుండక, బాణం వెడలే ముందటి ఆ కొద్ది క్షణాలలో విలుకాని ముఖాన్ని కూడ గమనించవలెనని మా మనవి.