జీఆర్‌ఈ ఇంగ్లీషు – మన బడి పిల్లలు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పైచదువుల ప్రవేశ పరీక్షల్లో ఇంగ్లీషు గురించి మాట్లాడమని కార్యదర్శి గారు అడిగారు. నేను ఇంగ్లీషు పండితుణ్ణి కాను. కాంక్రీటు, ఉక్కు లెక్కలు చేసుకునే సివిల్ ఇంజనీరుని. పదో తరగతి దాకా ఇక్కడే తెలుగు మీడియంలో చదువుకుని, ఇంజనీరింగ్ అయ్యాక 1990ల మొదట్లో జీఆర్‌ఈ రాశాను. ఈమధ్య మా అమ్మాయి అదే పరీక్ష రాసింది. రెండు కాలాల పరీక్షనూ దగ్గరగా చూసినవాడిగా నాలుగు మాటలు చెబుతాను.

మా రోజుల్లో అది కాగితం, పెన్సిలు పరీక్ష. ఇంగ్లీషు భాగంలో వ్యతిరేక పదాలు, పదాల జతల పోలికలు, ఖాళీలు పూరించడం, పేరాలు చదివి జవాబివ్వడం ఉండేవి. వ్యతిరేక పదాల ప్రశ్నలో ఒకే ఒక్క మాట ఇస్తారు. ముందూ వెనకా వాక్యం ఉండదు. ఆ మాట తెలిస్తే మార్కు, తెలియకపోతే లేదు. అందుకే అందరి చేతుల్లోనూ 3,500 మాటల బారన్స్ జాబితా ఉండేది. బస్సులో, మెస్సులో, మేడ మీద అవే మాటలు. ఆ జాబితాను చూసే చాలామంది వెనక్కి తగ్గారు. మా బ్యాచ్‌లో లెక్కల్లో నాకంటే గట్టివాళ్ళు ఇద్దరు "మనది తెలుగు మీడియం రా, మనవల్ల కాదు" అని దరఖాస్తు కూడా పెట్టలేదు. ఆ మాట ఈనాటికీ మన పిల్లల నోట వినబడుతోంది. నేను ఈ విషయం ఒప్పుకోవడానికి కారణం అదే.

2011 ఆగస్టులో ఆ పరీక్ష మారింది. వ్యతిరేక పదాలు, పోలికలు తీసేశారు. 200 నుంచి 800 దాకా ఉండే స్కోరు 130 నుంచి 170కి మారింది. 2023 సెప్టెంబరు నుంచి పరీక్ష మొత్తం రెండు గంటల లోపే. అందులో ఇంగ్లీషు 27 ప్రశ్నలు, 41 నిమిషాలు, రెండు విభాగాలు. మొదటి విభాగం ఎలా చేశారన్న దాన్ని బట్టి రెండోది ఎంత కష్టంగా రావాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. పేరాలు చదివే సమయం కూడా కలుపుకుని, ఒక్కో ప్రశ్నకు నిమిషంన్నర దొరుకుతుంది.

ఇప్పుడు అడిగేవి మూడు రకాలు. మొదటిది ఖాళీలు పూరించడం. ఒక ఖాళీ ఉండొచ్చు, మూడు ఉండొచ్చు. మూడింటిలో ఒకటి తప్పినా సున్నాయే. దీని కిటుకు తెలుగులోనే చెబుతాను. "ఆయన పిసినారి అని ఊరంతా అనుకునేది, కాని బడి కట్టేటప్పుడు మాత్రం ఆయన..." అని ఆపితే, మిగతాది మీరే చెప్పగలరు. మీకు జవాబు చెప్పింది "కాని" అన్న మాట. ఇంగ్లీషులో ఆల్దో, హవెవర్, డిస్పైట్ వంటివి ఈ పని చేస్తాయి. వాక్యం ఎక్కడ మలుపు తిరిగిందో పట్టుకున్నవాడికి సగం జవాబు దొరికినట్టే.

రెండో రకంలో ఒక ఖాళీ, ఆరు మాటలు ఉంటాయి. వాక్యానికి ఒకే అర్థం తెచ్చే రెండు మాటలు ఎంచుకోవాలి. వాక్యానికి నప్పని పర్యాయపదాల జత కూడా ఆ ఆరింటిలో కూర్చుని ఉంటుంది. వాక్యం చదవకుండా జతలు వెతికేవాళ్ళు అక్కడే దొరికిపోతారు.

ఇంకో సంగతి. కొత్త మాటలకంటే తెలిసిన మాటలే ఎక్కువ దెబ్బతీస్తాయి. ఫ్లాగ్ అంటే జెండా అని మూడో తరగతిలో నేర్చుకున్నాం. క్రియగా వాడితే నీరసపడటం. పెడెస్ట్రియన్ అంటే పాదచారి, విశేషణంగా అయితే చప్పనిది, సాదాసీదాది. మన ఆఫీసుల్లో సాంక్షన్ అంటే మంజూరు, దేశాల మధ్య అదే మాట ఆంక్ష. క్వాలిఫైడ్ సపోర్ట్ అంటే అర్హత గల మద్దతు కాదు, షరతులతో కూడిన మద్దతు. జాబితాలో ఒక మాట పక్కన ఒక అర్థం రాసుకుని బట్టీపట్టినవాడికి ఇవి అందవు. నాలుగు చోట్ల చదివినవాడికి అందుతాయి.

మాటల విషయంలో మన పిల్లలకు ఒక ఆస్తి ఉంది, అది ఉందని వాళ్ళకు ఎవరూ చెప్పరు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని 1786లో విలియం జోన్స్ కలకత్తాలో చెప్పాడు. తెలుగు వేరే కుటుంబానికి చెందినదే అయినా, మనం రోజూ వాడే తత్సమాలు ఆ బంధుత్వాన్ని మన ఇంటికి తెచ్చాయి. దంతంలో ఉన్నదే డెంటిస్టులో ఉంది. పాదంలో ఉన్నదే పెడల్‌లో ఉంది. నవలో ఉన్నదే నావెల్‌లో ఉంది. ఎనానిమస్ అన్న మాటను విడదీస్తే అచ్చంగా మన "అనామక". ఇమ్మోర్టల్‌ను విడదీస్తే మన "అమృత". సుగుణం, దుర్గుణం తెలిసినవాడికి బెనెవొలెంట్, మాలెవొలెంట్ ఒక్క నిమిషంలో చెప్పవచ్చు. తెలుగు వ్యాకరణం క్లాసులో ఉపసర్గలు శ్రద్ధగా విన్న పిల్లవాడు ఈ పరీక్షకు సగం దారి వచ్చినట్టే.

మూడో రకం, అసలైన పరీక్ష, చదివి అర్థం చేసుకోవడం. పేరా జీవశాస్త్రం మీద రావచ్చు, చిత్రకళ మీద రావచ్చు, ఏనాటిదో నవల మీద రావచ్చు. ఆ విషయం మనకు తెలిసి ఉండనక్కర లేదు. జవాబు పేరాలోనే ఉండాలి. పేరాలో లేనిది, మనకు బయట తెలిసిన నిజమైనా సరే, తప్పే. రచయిత దేన్ని ఒప్పుకుంటాడు, దేన్ని ఒప్పుకోడు అని అడుగుతారు. ప్రశ్న పక్కనే జవాబు ఉన్న గైడులతో పెరిగిన మనవాళ్ళకు ఇది కొత్త.

వాక్య నిర్మాణం మరో చిక్కు. మనం "నిన్న మన ఊరు వచ్చిన మాస్టారు కొన్న పుస్తకం" అంటాం. వివరాలన్నీ ముందొచ్చి పుస్తకం చివర వస్తుంది. ఇంగ్లీషులో పుస్తకం ముందొచ్చి వివరాలు వెనక వేలాడతాయి. పొడుగు వాక్యం వస్తే కామాల మధ్య ఉన్న వివరాన్ని కాసేపు పక్కన పెట్టి, కర్త ఎవరు, క్రియ ఏది అని చూడమని మా అమ్మాయికి చెప్పాను. భవనంలో బరువు స్లాబు నుంచి దూలానికి, దూలం నుంచి స్తంభానికి ఎలా దిగుతుందో ముందు చూసి, గోడలు, కిటికీలు తరువాత చూస్తాం కదా, ఇదీ అంతే.

కొన్ని అమెరికా విశ్వవిద్యాలయాలు, ముఖ్యంగా 2020 తరువాత, జీఆర్‌ఈ అక్కర్లేదంటున్నాయి, ఇంకా ఈ గొడవ ఎందుకని కొందరు అడుగుతున్నారు. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ వంటివి ఉండనే ఉన్నాయి. ఊరు దాటనివాడికి కూడా గేట్‌లో 15 మార్కుల జనరల్ ఆప్టిట్యూడ్ ఉంది, అందులో ఇంగ్లీషు ఉంది. ఉద్యోగంలో చేరాక ఒప్పంద పత్రాలు ఉన్నాయి. అక్కడ షల్ అంటే చేసి తీరాలి, మే అంటే చేయవచ్చు. ఆ రెండు చిన్న మాటల తేడా తెలియక కాంట్రాక్టర్లు లక్షలు పోగొట్టుకోవడం నా కళ్ళతో చూశాను.

ఇప్పుడు ఇంగ్లీషు మీడియం వచ్చింది కదా, సమస్య తీరింది కదా అని పెద్దలు కొందరు అంటున్నారు. గౌరవంతోనే విభేదిస్తున్నాను. మీడియం మారింది, చదవడం మాత్రం తగ్గింది. మేము చదివేటప్పుడు ఈ బడిలో లైబ్రరీ పీరియడు ఉండేది, చందమామ కోసం కొట్టుకునేవాళ్ళం. తెలుగులో ఒక సంపాదకీయం చదివి రచయిత ఏమన్నాడో చెప్పగల పిల్లవాడు, ఇంగ్లీషులో ఆ పని ఏడాదిలో నేర్చుకుంటాడు. ఏ భాషలోనూ చదవని పిల్లవాడికి ఏ కోచింగూ మూడు నెలల్లో నేర్పలేదు.

అందుకని సంఘానికి నావి మూడు విన్నపాలు. ఎనిమిది నుంచి పది దాకా వారానికి ఒక గంట చదివే పీరియడు పెడదాం. ఒక తెలుగు వ్యాసం, ఒక ఇంగ్లీషు వ్యాసం చదివి రచయిత ఏమన్నాడు, ఎందుకన్నాడు, ఎక్కడ మలుపు తిరిగాడు అనే మూడు మాటలు చెబితే చాలు. రెండోది, పైచదువులకు వెళ్ళాలనుకునే మన బడి పిల్లలకు, ఈటీఎస్ సంస్థ ఉచితంగా ఇచ్చే నమూనా పరీక్షలు మన కంప్యూటరు గదిలో రాయనిద్దాం. మూడోది విదేశాల్లో ఉన్న మన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు: నెలకు ఒక ఆదివారం అరగంట ఒక పిల్లవాడితో ఫోనులో మాట్లాడండి. "నేనూ ఈ బడిలోనే, తెలుగు మీడియంలోనే చదివాను" అన్న మీ ఒక్క మాట ఏ జాబితాలోనూ దొరకదు.

నా వంతుగా లైబ్రరీకి ఒక తెలుగు, ఒక ఇంగ్లీషు దినపత్రికకు అయిదేళ్ళ చందా ఇవాళే కార్యదర్శి గారికి అందజేస్తున్నాను. మొదటి చదువు పీరియడు ఎప్పుడు పెడతారో చెబితే, సెలవు పెట్టుకుని వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాను.